మురుగునీటికి వెరచిన మనిషి

మా మార్కాపురంలో మురుగు ఎగదన్నిన ఇళ్లను కడిగి, మళ్లీ మనుషులు కాపురముండేటట్టు చేసి అప్పగించే ఖాదరు సాహెబు మొన్న కలరాతో కన్నుమూశారు. ఆయన కుమార్తె జైనబీ మా వాకిట నిలబడి ఆ వార్త చెప్పింది. దుఃఖం కంటే ముందు నన్ను భయం ఆవహించింది. ఈ నాలుగు మాటలు రాస్తున్నప్పుడు కూడా ఆ భయం నన్ను వదలలేదు.

వృత్తిరీత్యా ఆయన ఇళ్లకు సున్నం వేసేవారు. వానలకు రాతిపలకల కార్ఖానాల పొడి కాలువల్లో పేరుకొని, మురుగు ఇళ్లలోకి ఎగదన్నినప్పుడు మాత్రం ఊరంతా ఆయన గుమ్మంవైపే పరుగెత్తేది. మహాసాహసి అని అందరూ కొనియాడేవారు. నేనెరిగినంతలో అంతటి భీతచిత్తుడు మరొకరు లేరు.

కర్నూలు రాజధానిగా మన రాష్ట్రం ఏర్పడిన కొత్తలో, ఒక ఉదయం అంట్లు తోముకునే మా జాలాడి తూములోంచి నల్లటి నీళ్లు ఉబికి వంటింటి దాకా వచ్చాయి. మావారు ఉద్యోగరీత్యా గిద్దలూరులో ఉన్నారు. ఇంట్లో నేను, మా అత్తగారు, పాకే వయసు పాప. కబురందుకొని వచ్చిన ఖాదరు సాహెబు గడపలోనే ఆగిపోయారు. లోపలికి అడుగు వేయబోయి, ఆ నీళ్లను చూసి వెనక్కి తీశారు.

"ఏంది మామా, నువ్వే భయపడితే ఎట్ల?" అన్నాను.

"భయం లేనోడు రెండు బిందెలు కుమ్మరించి పోతాడు తల్లీ. బిడ్డను ముందు బయటికి తీసకపో."

పాపను పొరుగింట వదిలి వచ్చేసరికి ఆయన బురదను పారతో ఎత్తిపోస్తున్నారు. నేలమీద, గోడల మొదళ్లలో సున్నం చల్లారు. గుడ్డలు మరిగించమన్నారు. తాగునీటి కుండలన్నీ పెరట్లో పగలగొట్టారు. చివరకు మామిడికాయ పచ్చడి జాడీని కూడా ఎత్తేసరికి అత్తగారు అడ్డుపడ్డారు.

"ఏందయ్యా సాయిబూ! ఏడాది పచ్చడి. మూతకు ఇంత తడి తగిలితే కడుక్కుంటే పోదా?"

ఆయన జాడీ దించి, తలవంచుకొని అన్నారు:

"మా ఇంట్ల గూడ ఇట్లనే నీళ్లొచ్చినాయి పెద్దమ్మా. కుండ నేనే కడిగినా. కడిగినా గదా, ఏంగాదులే అనుకున్నా. ఆ కుండలో నీళ్లే జైనబీ అమ్మ తాగింది. రెండోనాటికి పాయె."

అత్తగారు తానే జాడీని పెరట్లోకి మోసుకెళ్లి పచ్చడంతా గుంటలో పోశారు.

పని ముగిసినా ఆయనకు నిశ్చింత కలగలేదు. రోజూ వీధిలోంచే "పాప పాలు తాగినాదా? కక్కలేదు గదా?" అని అడిగి వెళ్లేవారు. ఆ ప్రశ్న వినగానే నేను పాపను మరోసారి తడిమి చూసుకునేదాన్ని. తాగిందని చెప్పాక ఆయన మొహం తేటపడితే, నాకూ ప్రాణం కుదుటపడేది.

ఈ వానలకు కింది వీధిలో ఒక ఇల్లు కడిగి వచ్చిన మరునాడే ఆయన మంచం పట్టారు. నేను వెళ్లేసరికి జైనబీ కళ్లనిండా నీళ్లతో వాకిట నిలబడి ఉంది.

"లోపలికి రావద్దక్కా. మా నాయన నన్ను గూడ రానీడంల్యా."

లోపలినుంచి క్షీణస్వరం వినిపించింది: "ఎవురు, తల్లేనా? ఆడనే ఉండు. జైనబీని నువ్వు తోడకపో. ఈడ ఏమీ ముట్టనీయొద్దు."

మా ఇంటికి రమ్మని చేయి పట్టుకున్నా జైనబీ నా మాట వినలేదు. నన్ను తోసుకుంటూ లోపలికి పోయి తండ్రి తల ఒళ్లో పెట్టుకుంది. ఆయన వద్దు వద్దని చేయి ఊపుతూనే ఉన్నారు. ఆ చేతిని పట్టుకొని కూర్చుంది. ఆసుపత్రికి తరలించినా ఫలితం లేకపోయింది.

ఆ పుణ్యాత్ముడికి నా అశ్రునివాళి. ఆయన లేని లోటు తీరేది కాదు. జైనబీ ఇప్పుడు మా ఇంట్లోనే ఉంది. ఈ పూట అన్నం తిననంటే ఒళ్లు వేడిగా ఉందేమోనని నుదుటిమీద చేయి పెట్టి చూశాను. చల్లగానే ఉంది. అయినా చేయి తీయడానికి ధైర్యం చాలలేదు.