చీర కట్టి చూపించే పని

నా నోటిదూల గురించి పెళ్లైన కొత్తలోనే మా ఆయన హెచ్చరించాడు. నేను వినలేదు. వినుంటే ఒక మనిషి బతుకు ఇలా ఇరుక్కుపోయేది కాదు.

నా పేరు సుశీలమ్మ. ధర్మవరంలో ఆదినారాయణ సారు పట్టుచీరల అంగట్లో ఓ మూల తెర కట్టుకుని, మిషను వేసుకుని ఫాల్స్, జాకెట్లు కుడతాను. మా అంగళ్లలో ఒక పద్ధతి ఉంది. మడతలో ఉన్న చీర పెళ్లివాళ్ల కంటికి ఆనదు. సేల్స్‌మన్ ప్యాంటు మీదే చీర చుట్టుకుని, కొంగు భుజాన వేసుకుని, అటూ ఇటూ తిరిగి చూపించాలి. మా దగ్గర ఆ పని కిషోర్‌ది. అంత గుబురు మీసాలవాడు చీర కట్టి వయ్యారం పోతుంటే ఆడవాళ్లు పడీపడీ నవ్వుతారు, నవ్వుతూనే నాలుగు చీరలు తీసుకుంటారు.

లోపల స్టాకు చూసుకునే రఘునాథ్ మాత్రం ఆ పనికి ఎప్పుడూ ముందుకు రాలేదు. అంగట్లో అందరికీ రఘునాథ్, నాకు వైష్ణవి. ఆమె అనే చెబుతాను, ఎవరేమనుకుంటే నాకేం! పెనుకొండలో గది తీసుకుని రోజూ రైల్లో వస్తుంది. ఒకరోజు చెల్లెలికని చెప్పి కొలతలు రాసిన కాగితం ఇచ్చి జాకెట్టు కుట్టమంది. ఇరవై ఏళ్లుగా టేపు పట్టినదాన్ని, ఆ భుజాల కొలత ఎవరిదో నాకు తెలియదా?

"చెల్లెలు అచ్చం నీ అంతే ఉండాదా?" అన్నాను.

ముఖం పాలిపోయింది. తర్వాత, ఒళ్లు మగదైనా తాను ఆడదేనని ఏడుస్తూ అంతా చెప్పింది. వైష్ణవి అని తనకు తాను పేరు పెట్టుకుని పదేళ్లయిందట. ఆ పేరుతో పిలిచిన మొదటి మనిషిని నేనే.

నెలకోసారి హిందూపురం వెళ్లి, స్కిన్ డాక్టరు దగ్గర లేజరుతో ముఖం మీది వెంట్రుకలు తీయించుకుంటోంది. అది పూర్తయ్యాక బెంగళూరులో మందులు, ఆపైన ఆపరేషను. ఉగాదికి ఇక్కడ మానేసి అక్కడ మాట్లాడుకున్న పనిలో వైష్ణవిగానే చేరాలి. అంతదాకా ఎవరికీ తెలియకూడదు. తెలిస్తే సారు ఆ నిమిషమే వెళ్లగొడతాడు, ఈ ఊళ్లో ఒక అంగడి గెంటేసిన మనిషిని ఇంకో అంగడి గడప తొక్కనివ్వదు. రామగిరిలో వాళ్ల నాయనకూ కబురు పోతుంది. జీతం ఆగితే వైద్యం ఆగుతుంది.

మధ్యాహ్నం అన్నాలవేళ నా తెర వెనక ఆమెకు చీర కట్టడం నేర్పాను. నాలుగు రోజుల్లో నన్ను మించిపోయింది. ఎంత మురిసిపోయానో!

ఆ మురిపెమే కొంప ముంచింది. మాఘమాసంలో చెన్నేకొత్తపల్లి నుంచి పెళ్లివాళ్లు వచ్చారు. ఆరోజు కిషోర్ సెలవు. పెళ్లికూతురి అవ్వ హనుమక్క ఏ చీర పరిచినా పెదవి విరుస్తోంది.

"మడతలో ఏం తెలుస్తాదప్పా? ఇంకో అంగడికి పోదాం పాండి" అని లేచింది.

సారు ముఖం మాడిపోయింది. అప్పుడు నా పాడునోరు, "మన రఘు బాగా కడతాడు సార్" అనేసింది. వైష్ణవి నా వైపు చూసిన చూపు చచ్చేదాకా మరిచిపోలేను.

కట్టింది. కిందికి చూడకుండానే వేళ్లు కుచ్చిళ్లు పెట్టేశాయి. ఎర్ర చీర, ఆకుపచ్చ అంచు. కొంగు సర్దుకుని అద్దంలో చూసుకుంది, అలాగే చూస్తూ ఉండిపోయింది. కిషోర్ కడితే విరగబడి నవ్వే చోట ఒక్కరూ నవ్వలేదు.

"ఏమప్పా, చిన్నప్పట్నుంచి కట్టుకున్నదాని మాదిరి కట్టినావే!" అంది హనుమక్క, రెప్ప వేయకుండా.

గబుక్కున పెద్దగా నవ్వాను. "మావోడు నాటకాల్లో ఆడేషం వేసేటోడు లే అవ్వా! చూడు, ఎట్ల తిప్పుకుంటాండాడో!"

అందరూ నవ్వారు. వైష్ణవి కూడా నవ్వి, నడుం తిప్పి చూపించింది. చీరలు అమ్ముడుపోయాయి. హమ్మయ్య, గండం గడిచిందనుకున్నాను.

వాళ్లు వెళ్లాక సారు ఆమెను పిలిచాడు.

"ఇంత విద్య దాచిపెట్టినావేమబ్బా? రేపట్నుంచి ముందర నువ్వే. అయితే మీసం పెంచు. నున్నటి మూతితో చీర కడితే జనాలు ఇంకో రకంగా అనుకుంటారు. మీసం లేకుంటే నీకు ఈడ పని లేదు."

"సరే సార్" అంది.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. హిందూపురం పోతే మీసం రాదు, మీసం లేకపోతే ఉద్యోగం ఉండదు. పోవడం మానేసింది. మీసం మూతితో వైష్ణవిగా బెంగళూరు పోలేకపోయింది, ఉగాది దాటింది. బెంగళూరువాళ్లు ఇంకొకరిని పెట్టుకున్నారు. రోజుకు పది చీరలు కడుతుంది, జనం నవ్వాక విప్పి మడతపెడుతుంది.

"ముందు కట్టుకునే రాత లేదని ఏడ్చేదాన్నక్కా. ఇప్పుడు కట్టుకోవాలంటే ఏడుపొస్తాది" అంది ఒకసారి.

దానికితోడు లేజరు పడిన చోట మీసం సరిగ్గా మొలవనే లేదు. ఎండిన గడ్డి మాదిరి ఉండాదని సారు దెప్పుతాడు. అందుకని పొద్దున్నే, బేరాలు మొదలవకముందే, నా తెర వెనక్కి వస్తుంది. వైష్ణవి అయిన రోజు కళ్లకు పెట్టుకోవాలని కొనుక్కున్న కాటుక పెన్సిలు నా చేతిలో పెడుతుంది. ముఖం పైకెత్తి కళ్లు మూసుకుంటుంది.

"చెదరకుండా దిద్దక్కా" అంటుంది.

ఆ కాటుకతో ఆమె మూతి మీద నా చేత్తో నేనే మీసం దిద్దుతాను.