యాదగిరి తెచ్చిన తలుపు

పన్నెండేళ్లుగా ఈ సంగతి మింగలేక, కక్కలేక తిరుగుతున్నాను. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీతో చెప్పడం తేలిక. నవ్వొస్తే నవ్వండి. నాకూ చాలాసార్లు వచ్చింది, ఆ వెంటనే సిగ్గూ వేసింది.

తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న రోజుల్లో మేము పుప్పాలగూడలో ఇల్లు కట్టుకున్నాం. మాది కాకినాడ వైపు. నాకు హైటెక్ సిటీలో ఉద్యోగం. ఇంటి ఖర్చంతా మా ఆవిడ లలిత చూసుకునేది. కారు షెడ్డుకు మామూలు ఇనుప తలుపు చాలు, మిగిలినదాంతో వంటింట్లో అరలు చేయిద్దామంది. నేను బుద్ధిగా తలూపాను. నానక్‌రామ్‌గూడలో వెల్డింగ్ షాపు నడిపే యాదగిరికి పని అప్పజెప్పాం. గురువారం తెచ్చి బిగిస్తానన్నాడు.

ఈలోగా నేను ఒక షోరూములో రిమోట్ తలుపు చూశాను. మీట నొక్కగానే అంత తలుపూ దానంతటదే పైకి పోయింది. మళ్లీ నొక్కాను. నలభైకి దగ్గరపడ్డ మనిషిని, ఆరుసార్లు నొక్కాను! ఆర్డరిచ్చి బయటికొచ్చాక గానీ లలిత గుర్తుకు రాలేదు. ఏం చెప్పాలి?

గురువారం బంద్ అన్నారు. మా ఆఫీసులో ఆలస్యమైన ప్రతి పనికీ అందరం బంద్‌నే సాకుగా చెప్పేవాళ్లం. నాకూ అదే తట్టింది. ఇక యాదగిరి రాడులే అని ధీమాగా ఆ మధ్యాహ్నం కొత్తింటి దగ్గర నిలబడి ఉన్నాను. ఎదురుగా తోపుడు బండి మీద తలుపు పెట్టుకుని, తమ్ముడితో కలిసి తోసుకుంటూ వచ్చాడు. చొక్కా మొత్తం తడిసిపోయింది.

"బంద్ గదా సార్, ట్రాలీ ఆటో దొరకలే. మీకు మాటిచ్చిన గదా, గిట్లనే తెచ్చిన."

వేరే తలుపు తీసుకున్నామని నసిగాను. డబ్బు మొత్తం ఇస్తానన్నాను.

"పైసలది కాదు సార్. తలుపుల తప్పుంటే చెప్పుర్రి, సరిచేస్త."

తప్పేమీ లేదన్నాను. మంచినీళ్లు తాగి, బండి వెనక్కి తిప్పుకుని వెళ్లిపోయాడు.

సాయంత్రం లలితతో యాదగిరి రాలేదని చెప్పాను. ఫోనూ ఎత్తలేదని, గత్యంతరం లేక షోరూములో దొరికింది తీసుకున్నానని చెప్పాను. మామూలుగా పది ప్రశ్నలడిగే మనిషి ఒక్కటే అడిగింది.

"మనం ఆంధ్రావాళ్లమనే రాలేదేమోనండీ?"

కాదనడానికి ఎంతసేపు పడుతుంది? నా తలుపు గొడవ తప్పింది చాలనుకుని నోరు మూసుకున్నాను. అంత చిన్న సరదా కోసం ఒక మనిషి మీద, ఆ రోజుల్లో, అంత పెద్ద నింద పడనిచ్చానే!

మా వీధిలో ఇల్లు కట్టిన ప్రతివాళ్లకూ లలిత ఆ కథే చెప్పింది. ఒక్కరూ యాదగిరికి పనివ్వలేదు. కరెంటు పోయినప్పుడల్లా రిమోట్ తలుపు సగంలో ఆగిపోతుంది. మేము దాని కింద నుంచి వంగి వంగి దూరుతుంటాం. అప్పుడు కూడా లలిత తిట్టేది తలుపును కాదు, యాదగిరినే.

ఇందాక ఎదురు స్థలంలో ఇల్లు కట్టే కుర్రజంట వచ్చి తలుపులెవరు చేస్తారని అడిగారు. లలిత మళ్లీ మొదలుపెట్టింది. నేను లేచి లోపలికొచ్చి ఇది రాస్తున్నాను. మీకంటే ముందు దీన్ని లలిత చేతికే ఇస్తాను. వంటింటి అరల సంగతి తర్వాత నిలదీస్తుంది, నిలదీయనీ. క్షమిస్తుందో లేదో తెలియదు. యాదగిరి ఎక్కడున్నాడో అదీ తెలియదు.

లలితా, ఆ రోజు అతను వచ్చాడు. ఎండలో తలుపు తోసుకుంటూ వచ్చాడు. రాలేదన్నది నేను.

హమ్మయ్య.