కోటులోంచి పిలుపు

అబద్ధమైతే మా అక్క మీద ఒట్టు. ఆమె మీద నేను ఉత్తుత్తి ఒట్లు వేయను... ఇది నిజంగా జరిగింది.

నాకు నిజామాబాద్‌లో సెల్‌ఫోన్ సామాన్ల దుకాణం ఉంది. ఆ మధ్య బ్యాటరీతో నడిచే ఒక కోటు తెప్పించాను. తొడుక్కుని టీవీకి కలిపితే సినిమా ఒంటికి తగులుతుంది. తెర మీద ఉరిమితే వీపు అదురుతుంది. గుర్రాలు పరుగెత్తితే పక్కటెముకల మీద డెక్కలు పడతాయి. చూడగానే అక్కే గుర్తొచ్చింది. చిన్నప్పుడు జ్వరం వచ్చి ఆమెకు వినికిడి పోయింది. మాట మిగిలింది. పెదాలు చూసి మన మాట పట్టేస్తుంది.

మా ఊరు ఎడపల్లిలోని ఇంట్లో ఇప్పుడు ఒక్కతే ఉంటోంది, బీడీలు చుడుతూ. మా అవ్వ, అంటే అమ్మ, ఉన్నప్పుడు ఇద్దరూ పక్కపక్కన కూర్చుని చుట్టేవాళ్లు. అవ్వ చేతుల నిండా ఆకు, తంబాకు. అక్కను పిలవాలంటే మోకాలితో పొడిచేది. రెండు చిన్న పోట్లు... ఆగి, ఒక గట్టి నెట్టుడు. "రా" అని అర్థం. ఆ పిలుపు మా ముగ్గురికి తప్ప ఎవరికీ తెలియదు. అవ్వ పోయాక అక్క నవ్వడం మానేసింది. ఈ కోటుతోనైనా నవ్విద్దామని పట్టుకుపోయాను.

నవ్వింది కూడా. రాత్రి తిన్నాక ఏదో యుద్ధం సినిమా పెట్టాను. ఫిరంగి పేలినప్పుడల్లా ఉలిక్కిపడి, "అబ్బ! గుండెల గుద్దినట్టే ఉన్నది తమ్మీ" అంది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

అప్పుడు కరెంటు పోయింది.

టీవీ ఆగింది. ఫ్యాను ఆగింది. ఇంటి వెనక చెరుకు తోటలో ఆకులు ఒకటే గరగర... చీకట్లో నా పెదాలు అక్కకు కనిపించవు. ఫోన్ కోసం తడుముకుంటున్నాను.

"తమ్మీ... అవ్వ పిలుస్తున్నది."

మామూలు గొంతుతో అంది. అదే నన్ను భయపెట్టింది.

టార్చి వేసి నా ముఖం మీద పెట్టుకున్నాను. "కోటు ఖరాబైందక్కా. ఇప్పెయ్."

"ఖరాబ్ గాలే. మోకాలుతోని పొడుస్తున్నది. గిక్కడ."

నడుముకు ఎడమ పక్కన చెయ్యి పెట్టుకుంది. అవ్వ కూర్చునే వైపు.

లేచింది. వెనక తలుపు గడియ తీసింది.

నా ఒళ్లు చల్లబడింది. ఆ తోట చుట్టూ అడవి పందుల కోసం తీగ కట్టారు. రాత్రయితే దానికి కరెంటు పెడతారు. అక్కకు ఆ సంగతి తెలుసు. తెలిసీ చెప్పులైనా లేకుండా తీగ వైపే నడుస్తోంది. పోయిన కరెంటు ఏ క్షణమైనా రావచ్చు. "అక్కా!" అని అరిచాను... అరిచి ఏం లాభం?

పరుగెత్తి వెనక నుంచి కోటు పట్టుకున్నాను. మీట తడిమి ఆపేశాను. దాని పచ్చ దీపం ఆరిపోయింది. హమ్మయ్య అనుకున్నాను...

టక్.

టక్.

నా అరచేతుల్లోనే... 

ఆగింది. ఊపిరి బిగబట్టాను. మూడోది రావొద్దు, రావొద్దు అనుకుంటున్నాను...

నెట్టింది. గట్టిగా. తీగ వైపు.

అక్కను వాటేసుకుని వెనక్కి లాగాను. ఇద్దరం బురదలో పడ్డాం. అంతలోనే ఇంట్లో లైటు వెలిగింది. మా ముందు తీగకు తగులుతున్న పచ్చి ఆకు చిటపటమంది.

అక్క నా ఛాతీ మీద గుద్దుతూ ఏడ్చింది. "అవ్వ దగ్గరికి పోనియ్యకపోతివి గదరా!"

పక్క దుకాణం అతను విని, "బ్యాటరీల ఏమన్న లోపముంటదన్నా, గంతే" అన్నాడు. అయ్యుండొచ్చు. లోపానికి అవ్వ మోకాలు ఎలా తెలుస్తుందని అడిగితే మాత్రం ఛాయ్ తెస్తానని లేచి వెళ్లాడు.

ఆ కోటు ఇప్పుడు దుకాణంలో అటక మీద ఉంది. వీడియో కాల్ చేసినప్పుడల్లా అక్క అడుగుతుంది, "కోటు బాగైందా? ఎప్పుడు తెస్తవ్?" ఇంకా కాలేదంటాను. ఆమె ముఖం వాడిపోతుంది.

ఒక్కటే అర్థం కాదు... అక్క కాలికి ముల్లు గుచ్చుకుంటే తాను ఏడ్చే మనిషి మా అవ్వ. బిడ్డను ఆ తీగ మీదికి పిలవదు. చచ్చినా పిలవదు.

మరి ఆ పిలుపు తెలిసిన నాలుగో మనిషి ఎవరు?