హౌ అన్న పాపానికి

ఎల్లారెడ్డిలో మా గల్లీ మగవాళ్లలో విమానం ఎక్కనివాణ్ణి నేనొక్కణ్ణే. విమానం నడిపేవాణ్ణి కూడా నేనొక్కణ్ణే. మిగతావాళ్లంతా దుబాయ్‌కో మస్కట్‌కో పోయివచ్చినవాళ్లు. కిటికీ పక్క సీటు ఎవరికి దొరికింది, పెట్టిన కోడికూరలో ఉప్పు ఉందా లేదా అని ఇప్పటికీ వాదించుకుంటారు. నేను కామారెడ్డిలో ఒక ఆఫీసులో గుమాస్తాని, కాపురమూ అక్కడే. నా విమానం మా ఇంట్లో, బట్టల బీరువా పక్కన, ల్యాప్‌టాప్‌లో ఉంటుంది.

ఇది పిల్లలాట కాదని మొదట్లో అందరికీ చెప్పేవాణ్ణి. వినేవాళ్ల మొహాలు చూసి మానేశాను. ఆన్‌లైన్‌లో లోకం నలుమూలల నుంచి నాలాంటివాళ్లు చేరతారు. కొందరు విమానాలు నడుపుతారు, కొందరు తమ తమ దేశాల్లో ఇంట్లోనే కూర్చుని కంట్రోల్ టవర్ నడుపుతారు. ఎప్పుడు దిగాలో వాళ్లు మైకులో చెబుతారు, మనం మైకులో సరేనంటాం. లేని విమానాన్ని లేని రన్‌వే మీద దించడానికి ఉన్న మనుషులు ఇద్దరు చెమటలు కక్కుతారు. ఆఫీసులో అందరూ నన్ను "ఓ అన్నా, ఆ ఫైలేది" అని పిలుస్తారు. మైకులో మాత్రం "సార్" అంటారు. ఆ పిలుపు కోసం నేను వారమంతా ఎదురుచూస్తానంటే అబద్ధం కాదు.

మన దేశం మీదే ఎగరొచ్చు కదా అంటారేమో. ఎగిరాను. మనవాళ్లు రన్‌వే చూపించడం కంటే ముందు మన ఇంగ్లీషులో తప్పులు చూపిస్తారు. అందుకని ఇంగ్లీషు అంతంతమాత్రంగా ఉన్న దేశం ఏదని వెతికి స్పెయిన్ పట్టాను. వాళ్లకూ రాదు, నాకూ రాదు, సరిపోయిందనుకున్నాను.

అక్కడ సముద్రం పక్కన ఒక చిన్న ఊరి టవర్‌లో ఆదివారాలు ఒక పెద్దాయన ఉండేవాడు. పెద్దాయన అన్నది గొంతును బట్టే, మొహం ఎవరు చూశారు. వాళ్ల మధ్యాహ్నం మనకు సాయంత్రం. మొదటిసారి ఆయన ఊళ్లో దిగబోతుంటే, రన్‌వే కనిపిస్తోందా అని ఇంగ్లీషులో అడిగాడు.

"హౌ సార్," అన్నాను.

కాసేపు మైకులో గరగర. తర్వాత కూడబలుక్కుని, "విత్ ది ఐస్," అన్నాడు. కళ్లతో అని.

నాకేమీ అర్థం కాలేదు. వాళ్ల దేశపు రివాజేమో అనుకుని ఊరుకున్నాను. కిందికి దిగడానికి సిద్ధమేనా అన్నాడు. హౌ అన్నాను. "స్లోలీ," అన్నాడు. మెల్లగానే దిగుతున్నాను కదా, మళ్లీ చెప్పడం దేనికి? చక్రాలు దించావా అన్నాడు. హౌ సార్ అన్నాను. ఈసారి ఆయన స్పానిష్‌లో ఏదో అన్నాడు. తిట్టు ఏ భాషలో ఉన్నా తిట్టని తెలుస్తుంది.

మర్నాడు నిర్వాహకుల నుంచి మెసేజ్ వచ్చింది. ఈ పైలట్ ఆకాశంలోకి వచ్చాక ప్రతి పనీ ఎలా చేయాలో నన్నే అడుగుతున్నాడని ఆ పెద్దాయన ఫిర్యాదు చేశాడట. వచ్చే ఆదివారం అదే టవర్‌లో సరిగ్గా దిగి చూపించాలి, మళ్లీ ఫిర్యాదు వస్తే సభ్యత్వం తీసేస్తాం అని రాశారు. నాకు ఒళ్లు మండింది. నేనెవర్ని ఏం అడిగాను? మండింది కానీ లోపల భయం కూడా పట్టుకుంది. అది పోతే నాకిక ఆదివారం ఎందుకు?

నా భార్య ఒక ప్రైవేటు బడిలో చిన్న తరగతులకు ఇంగ్లీషు చెబుతుంది. ఎగిరిన ప్రతిసారీ మాటలు రికార్డు చేసుకోవడం నాకు అలవాటు కాబట్టి, నా తప్పేమీ లేదని రుజువు చేయడానికి ఆమెకు వినిపించాను. ఆమె నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది.

"అడిగినవు. ఒకసారి గాదు, మాటమాటకు అడిగినవు."

"నేనేడ అడిగిన?"

"హౌ అంటే ఇంగ్లీషుల ఎట్ల అని గదా. రన్‌వే కనవడ్తుందా అంటే ఎట్ల అన్నవు. కండ్లతోటి అన్నడు. పాపం, మంచోడే."

మా దగ్గర హౌ అంటే ఔను. అంతకంటే చిన్న మాట, అంతకంటే నమ్మకమైన మాట మాకు లేదు. చిన్నప్పుడు బడిలో ఒక సారు, హౌ అన్నప్పుడల్లా చెవి మెలేసి "ఔనండి" అనిపించేవాడు. చెవి నొప్పి తగ్గింది గానీ హౌ పోలేదు. తెలుగు పంతులే మాన్పించలేని మాట స్పెయిన్ వాళ్ల వల్ల ఏమవుతుంది?

పైలట్లు ఔను అనడానికి "అఫర్మ్" అనాలి. నాకు తెలియక కాదు. నేర్చుకున్న మాట పుస్తకంలోనే ఉండిపోతుంది, నోట్లోకి వచ్చేది అమ్మ నేర్పిన మాటే. నా భార్య ఆ వారం పాఠం మొదలుపెట్టింది. టీ తాగుతవా అంటుంది. హౌ అంటాను. కదలదు. అఫర్మ్ అంటేనే టీ. మూడు రోజులకు నాలుక దారికొచ్చింది. ఆఫీసులో ఫైలు అయిందా అని పెద్దసారు అడిగితే "అఫర్మ్" అన్నాను, ఆయన నా వైపు ఒంట్లో బాగాలేదా అన్నట్టు చూశాడు. మా దగ్గర హౌ అంటే ఔనని నా భార్య నిర్వాహకులకు మెసేజ్ కూడా పెట్టింది. అటునుంచి ఉలుకూ పలుకూ లేదు.

తీరా ఆ ఆదివారం మా వీధిలో లైన్ల మరమ్మతని పొద్దున్నుంచీ కరెంటు తీసేశారు. ల్యాప్‌టాప్ సంచిలో వేసుకుని ఎల్లారెడ్డి బస్సెక్కాను. సీటు దొరక్క స్పెయిన్ పైలట్ లింగంపేట దాకా నిలబడే వెళ్లాడు.

ఎల్లారెడ్డి ఇంట్లో అవ్వ ఉంటుంది, మా దగ్గర అమ్మను అలాగే పిలుస్తాం. నన్ను చూడగానే, "తిన్నవా బిడ్డ?" అంది.

"అఫర్మ్ అవ్వ."

"ఏందిరా అది? పురుగుమందు పేరు తీర్గ ఉన్నది."

చెప్పబోయాను. ఆమె వినకుండా, "నాతోని గూడ ఇంగ్లీషేనా," అనేసి లోపలికి పోయింది. మనసు చివుక్కుమంది. కానీ ఇప్పుడు నాలుక జారనిస్తే మళ్లీ దారికి రాదని నోరు మూసుకున్నాను.

ఆ ఇంట్లో సెల్లు సిగ్నల్ గడప దగ్గరే అందుతుంది. అవ్వ బీడీలు చుట్టేదీ అక్కడే. అలా గడపకు ఒక పక్క చాటలో తునికాకుతో అవ్వ, ఇంకో పక్క పీట మీద ల్యాప్‌టాప్‌తో నేను కూర్చున్నాం. సాయంత్రానికి స్పెయిన్ సముద్రం మీదికి చేరాను. పెద్దాయన గొంతు వినగానే పీట దగ్గరికి జరిగి నిటారుగా కూర్చున్నాను.

సిద్ధమేనా? అఫర్మ్. చక్రాలు? అఫర్మ్. రన్‌వే కనిపిస్తోందా? అఫర్మ్ సార్. బళ్లో ఎక్కం అప్పజెప్పినట్టు అప్పజెప్పాను. అటునుంచి గరగర మొదలైంది.

"ఎవరు బిడ్డ, గట్ల గుర్రుమంటున్నడు?" అంది అవ్వ, తల ఎత్తకుండా.

మైకు మూసి, "దిగుడు గురించవ్వ," అన్నాను.

"మరి దిగరాదు?"

"ఆయన దిగుమనాలె."

రన్‌వే దగ్గరికి వచ్చేసింది. దిగమన్న మాట రాలేదు. సిగ్నల్ తెగి నాకు వినబడలేదో, ఆయన చెప్పనేలేదో తెలియదు. చెప్పకుండా దిగితే అంతకంటే పెద్ద నేరం లేదు. గొంతు సవరించుకుని, దిగడానికి అనుమతి ఉన్నట్టేనా సార్ అని ఇంగ్లీషులో అడిగాను.

"హౌ," అన్నాడు పెద్దాయన.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఎట్లా దిగుతావని అడుగుతున్నాడు. పరీక్ష పెడుతున్నాడు. ఏం చెప్పాలో తోచక, పోయినసారి ఆయన చెప్పిన జవాబే ఆయనకు అప్పగించాను.

"స్లోలీ, సార్."

గరగర. మళ్లీ ఆయనే, ఈసారి చిన్నపిల్లాడికి చెప్పినట్టు సాగదీసి, "హౌ. హౌ," అన్నాడు.

"విత్ ది ఐస్, సార్," అన్నాను. ఏడుపొక్కటే తక్కువ.

అవ్వ చేతిలో కత్తెర ఆగింది. "హౌ అంటున్నడు గదరా," అంది. "అంత మంచిగ హౌ అంటుంటే దిగవేంది?"

నా భార్య పెట్టిన మెసేజ్ ఎవరికి చేరిందో అప్పుడు తెలిసింది. ఎక్కడో సముద్రం ఒడ్డున ఒక పెద్దాయన నా కోసం ఆ మాట నేర్చుకుని కూర్చున్నాడు. అదే వారం నేను దాన్ని మరిచిపోవడానికి టీలు మానుకున్నాను. సిగ్గేసింది, సంతోషమూ వేసింది. తెర మసకబారింది, ఆ తప్పు సిగ్నల్‌ది కాదు. విమానం రన్‌వే మీద రెండుసార్లు ఎగిరెగిరి పడి ఆగింది. పెద్దాయన స్పానిష్‌లో ఏదో అన్నాడు. అది తిట్టు కాదని కూడా తెలిసింది.

"ఏ ఊరాయినది?" అంది అవ్వ మళ్లీ ఆకు అందుకుంటూ. "మాట మనదే ఉన్నది. లింగంపేటనా?"

"కాదవ్వ. స్పెయిన్."

"గది యాడుంటది? మన జిల్లా కొసకున్న డోంగ్లి అవతలనా?"

"హౌ అవ్వ," అన్నాను.