ఎవలతోని అన్నడు?

కొంచెం దగ్గరికి జరిగి కూర్చోండి. పైన ఫ్యాను చప్పుడు ఎక్కువ, నా గొంతు తక్కువ, ఇదేమో గట్టిగా అరిచి చెప్పే సంగతి కాదు. మొన్న ఒక మధ్యాహ్నం చాటలో చిక్కుడుకాయలు పోసుకొని ఈనెలు తీస్తూ ఉంటే, నిజామాబాదులో డిగ్రీ చదివే మా మనుమరాలు ఫోను పట్టుకొని వచ్చి పక్కన కూలబడింది. కాలేజీలో వాళ్ల మేడం పని ఇచ్చిందట. ఒక సినిమా పాట తీసుకొని, దాంట్లో మాటలు ఎట్లా ఉన్నాయి, వాటి భావం ఏమిటి అని నాలుగు పేజీలు రాసుకు రావాలట. మా రోజుల్లో సినిమా పేరెత్తితే వీపు మీద ఒకటి పడేది, ఇప్పుడు అదే సినిమాకు మార్కులిస్తున్నారు. పాట పెట్టింది. ఒక పిల్లవాడు ఎవరి మీదో ప్రాణం పెట్టుకున్నానని తెగ పాడుతున్నాడు. "మంచిగుంది కదా నానమ్మా, దీని మీద ఏం రాయాలె?" అంది. నా నోట్లోంచి నేను అనుకోకుండానే ఒక మాట వచ్చింది. "గా మాట ఎవలు ఎవలతోని అంటున్నరే?" పిల్ల పాట ఆపి, మళ్లీ మొదటి నుంచి పెట్టుకొని విని, నా మొహంలోకి తేరిపార చూసింది. "మా మేడం అడిగేటి ప్రశ్నలెక్కుంది. నీకెవలు నేర్పిన్రు?" అంది.

నేను చదివింది ఐదో తరగతి. అది బడిలో నేర్చుకున్నది కాదు. మా ఇంటి వెనక వాకిట్లో, పసుపు కుప్పల నడుమ, ఖాలా దగ్గర నేర్చుకున్నది.

ఖాలా మా వీధి చివరి ఇంటామె. తుర్కోళ్ల ఇండ్లల్లో తల్లి చెల్లెల్ని అట్లా పిలుస్తారు గానీ, మా వీధిలో చిన్నాపెద్దా అందరికీ ఆమె ఖాలాయే. మా మామకు ఆర్మూరులో అడ్తి దుకాణం ఉండేది, అంటే రైతులు తెచ్చిన పసుపును బేరగాళ్లకు అమ్మిపెట్టే పని. సీజన్ వచ్చిందంటే ఇంటి వెనక నా నడుమెత్తు కుప్పలు లేచేవి. పది పన్నెండు మంది ఆడవాళ్లు చుట్టూ కూర్చొని పొడుగు కొమ్ములు ఒక దిక్కు, గుండ్రటి గోళ ఒక దిక్కు ఏరేవాళ్లం. ఆ నెలల్లో మాకు అన్నం పచ్చన, చాయ్ పచ్చన, తుమ్మితే కొంగు పచ్చన. పెళ్లయిన కొత్తలో నేను తెల్ల చీర కట్టుకొని ఏరడానికి కూర్చుంటే మా అత్త నన్ను చూసి నవ్విందంతే. సాయంత్రానికి ఎందుకు నవ్విందో తెలిసింది. ఆ చీర ఇప్పటికీ పెట్టెలో ఉంది, కానీ తెల్ల చీర అంటే ఎవరూ నమ్మరు.

చేతులు పని చేస్తుంటే నోళ్లు ఊరుకోవు కదా, మా మాటలన్నీ సినిమాల మీదే. అందరం చూసి ఏడ్చి మరిచిపోయేవాళ్లం, ఖాలాకు మాత్రం ఆ వీలు లేదు. వాళ్ల అమ్మ తుంటి విరిగి మంచం పట్టింది. ముసలామెకు సినిమాలంటే పిచ్చి, తెలుగేమో నాలుగు ముక్కలకు మించి రాదు. అందుకని ఖాలా ఏ సినిమా చూసినా ఇంటికి పోయి మంచం పక్కన కూర్చొని, మొదటి నుంచి చివరిదాకా వాళ్ల మాటలో చెప్పాలి, పాటలతో సహా. చెప్పేటప్పుడు అమ్మీ ప్రశ్నలు అడుగుతుందట. ఎవరన్నారు, ఎవరితో అన్నారు, అప్పుడామె చేతిలో ఏముంది అని. అందుకే ఖాలా ముందుగా మమ్మల్ని అడిగి పెట్టుకునేది. మాకది నవ్వులాట. నాకు ఒకసారి విన్న మాట పోదు, మా అత్త నన్ను "టేపు" అనేది, కాబట్టి చివరికి ఖాలా నా దిక్కే తిరిగేది. "టేపమ్మా, జర నువ్వు చెప్పు."

ఇక అసలు సంగతికి వస్తాను. ఆ ఏడు మా చిన్న ఆడబిడ్డ కమ్మర్‌పల్లి అత్తగారింటి నుంచి ఒక్కతే బస్సెక్కి వచ్చేసింది. వాళ్ల పొలంలో పసుపు ఉడకబెడుతుంటే ఒక కడాయి పసుపు ఎక్కువ ఉడికి మెత్తబడిపోయిందట. ఆమె పెనిమిటి ఇరవై మంది కూలీల ముందు ఆమెను పక్కకు నూకి, "నీ అవ్వగారింటికి పోయి పని నేర్చుకొని రా పో" అన్నాడట. ఉడికిందో లేదో గుచ్చి చూసే పుల్లను ఆమె అక్కడే పడేసి, కాళ్లు కడుక్కొని, నిజంగానే వచ్చేసింది. వచ్చి నెలన్నర. అల్లుడు మంచివాడే, తాగుడు లేదు, ఇంకో అలవాటు లేదు, కానీ ఆ మాట ఆమె గొంతులో ముల్లులా ఉండిపోయింది. వాకిట్లో మాతో పాటు కూర్చొని ఏరేది, నవ్వేది కాదు. ఎక్కువ రోజులు ఉంటే ఇక ఉండిపోతుందేమోనని మా అత్తకు లోపల్లోపల భయం.

అప్పుడు మా టాకీసులోకి ఒక సినిమా వచ్చింది. ఇంట్లోంచి వెళ్లగొట్టిన భార్యను భర్త చివర్లో వచ్చి తీసుకుపోయే కథ. చూసినవాళ్లంతా కళ్లు వాచి వచ్చారు. మా అత్త దాన్ని దవాఖాన మందులా అనుకుంది. "పిల్లను తీస్కపోదాం, చూస్తే దాని మనసు కరుగుతది" అని, ఏరేవాళ్లందరికీ పని ఆపించి మ్యాట్నీకి నడిపించింది. మందు పనిచేసింది. ఆఖరి సీను వచ్చేసరికి నా పక్క కుర్చీలో మా ఆడబిడ్డ కొంగు నోట్లో కుక్కుకొని ఏడుస్తోంది. వచ్చే దారిలో, "అవ్వా, నేను పోత. వాళ్లకు కబురు పెట్టున్రి" అంది. మా అత్త సంతోషం చెప్పతరం కాదు. మామ అదే సాయంత్రం కమ్మర్‌పల్లి పోయే లారీ ఆయనతో, గురువారం వచ్చి తీసుకుపొమ్మని మాట పంపించాడు.

తెల్లారి ఏరడానికి కూర్చున్నాం. ఖాలా ఎప్పటిలాగే మొదలుపెట్టింది. ఆ సినిమాలో ఒక పాట ఉంది. నీ వాకిట్లో ముగ్గునై పడి ఉంటాను, నువ్వు తొక్కుకుంటూ పోయినా చాలు అని ఆ భార్య పాడుతుంది. ఖాలా నిజంగానే తెలియక అడిగింది. "మా ఇండ్లల్ల ముగ్గులుండయి, అమ్మీ అడుగుతది. ముగ్గును తొక్కుతరా మీరు?"

"ఛీ, ఎందుకు తొక్కుతం? దాటి పోతం" అన్నారు ఇద్దరు ముగ్గురు.

"మరి తొక్కుమని పాడుతుంది కదా గామె. ముగ్గేసినామెనా గిట్ల పాడేది?"

"పొద్దుగాల లేచి నడుం వంచి ఏసేటోళ్లకు తెలుస్తది, తొక్కితే ఎంత కాల్తదో. గీమె చేతులకు పిండే అంటలే. పరుపు మీద పండుకొని పాడింది" అంది మా వంటామె. వాకిలంతా నవ్వు. మా ఆడబిడ్డ కూడా నెలన్నర తర్వాత మొదటిసారి నవ్వింది. మా అత్త మాత్రం గడపలో కూర్చొని, "పాటలకు గన్ని ఆరాలెందుకే, చేతులాడియ్యున్రి" అని కసిరింది.

ఖాలా తల ఊపి, ఇంకో గుప్పెడు ముందుకు లాక్కుంది. "అచ్చా. ఆఖర్ల గాయన తప్పైందన్నడు కదా. ఎవలతోని అన్నడు?"

"పెండ్లాంతోని" అన్నారు అందరూ ఒకేసారి.

"టేపమ్మా?" అంది ఖాలా.

నాకు ఆ సీను మాట మాటా తెలుసు. గుమ్మం ముందు కారు ఆగుతుంది. ఆయన దిగి, మామగారి రెండు చేతులు పట్టుకొని, నన్ను క్షమించండి అంటాడు. వాళ్లమ్మ దిక్కు తిరిగి ఒకసారి, ఊరి పెద్దమనిషి దిక్కు తిరిగి ఒకసారి. భార్య స్తంభం పక్కన నిలబడి ఏడుస్తుంటుంది. ఆమె దగ్గరికి వచ్చి ఒక్కటే మాట అంటాడు, "పద" అని. ఆమె వంగి ఆయన కాళ్లు పట్టుకుంటుంది. సంగీతం. మేమందరం ఏడ్చింది అక్కడే.

చెప్పబోతూ తల ఎత్తితే మా అత్త నన్నే చూస్తోంది. నోట్లో నములుతున్న ఆకువక్క ఆగిపోయింది. గుర్తు లేదు అనొచ్చు. కానీ ఆ వాకిట్లో ఆ మాట నమ్మేవాళ్లు ఒక్కరూ లేరు. మా ఆడబిడ్డ కూడా చేతిలో కొమ్ము పట్టుకొని ఆగిపోయింది. "వదినా, చెప్పు" అంది. చెప్పాను. ఆయన ఎవరెవరితో అన్నాడో అంతా చెప్పి, "ఆమెతోని 'పద' అన్నడు, గంతే" అన్నాను.

ఖాలా "అచ్చా" అని పనిలో పడింది. సాయంత్రం మా అత్త నా మీద విరుచుకుపడింది. "నీ యాది మీద మన్నువడ! బిడ్డ సంసారం మీదికి తెచ్చినవ్ గదనే." రెండు రోజులు నాతో మాట్లాడలేదు. నాకూ భయం పట్టుకుంది. సినిమాలో మాట సినిమాలో ఉండక, దాన్ని ఈ ఇంట్లోకి మోసుకొచ్చింది నేనే కదా అని.

గురువారం అల్లుడు, వాళ్ల పెద్దనాయన వచ్చారు. అరుగు మీద చాప వేశాం, చాయ్ ఇచ్చాం. ఇటువంటి వాటికి మాలో ఒక పద్ధతి ఉంది. అల్లుడు మామతో తప్పైందంటాడు, మామ సరేనంటాడు, లోపలి నుంచి పిల్ల పెట్టెతో బయటికి వస్తుంది. మొగవాళ్ల నడుమ మొదలై అక్కడే ముగిసిపోతుంది. అట్లాగే అల్లుడు తల వంచుకొని, "మామా, తప్పైంది. కడుపుల పెట్టుకో" అన్నాడు. మా మామ "సరే బిడ్డా" అనేలోపే మా ఆడబిడ్డ బయటికి వచ్చింది. పెట్టెతో కాదు, పసుపు చాటతో. మోచేతుల దాకా పచ్చన. పెద్దల ముందు పెనిమిటితో ఎదురుపడి మాట్లాడటం ఆమెకు అదే మొదలు.

"ఎవలతోని అంటున్నవ్?" అంది.

"మామతోని" అన్నాడు ఆయన, అర్థం కాక.

"నువ్వు నూకింది మామనా?"

పెద్దనాయన చాయ్ కప్పు కింద పెట్టాడు. "పెద్దోళ్లు మాట్లాడంగ నడుమ నీకేం పని బిడ్డా?" అన్నాడు.

"నూకినప్పుడు నడుమ ఎవ్వలు లేరు పెద్దనాయనా. ఇరువై మంది ముంగట నన్నన్నడు. నాతోని అనమనున్రి, వస్త."

అల్లుడి మొహం ఎర్రబడింది. లేచి చెప్పులేసుకున్నాడు. పెద్దనాయన వెనకే పోయాడు. మా అత్త గడపలోనే కూలబడింది. మా మామ మాత్రం కూతురి దిక్కు చూసి, "లోపలికి పో బిడ్డా, ఎండున్నది" అన్నాడు. ఆ ఒక్క మాటకే ఆమె ఏడ్చింది. సినిమాలో ఏడ్చిన ఏడుపు కాదది.

ఎనిమిది రోజులు గడిచాయి. నేను రోజూ గేటు దిక్కు చూసేదాన్ని. తొమ్మిదో నాడు పొద్దున మేం ఏరుతుండగా, బండ్లు వచ్చే వెనక గేటు తెరుచుకొని అల్లుడు ఒక్కడే లోపలికి వచ్చాడు. అందరం కొంగులు సర్దుకున్నాం. ఆయన అరుగు దిక్కు పోలేదు, నేరుగా కుప్ప దగ్గరికి వచ్చి, ఆమెను పేరు పెట్టి పిలిచాడు. "గారోజు అందరి ముంగట నిన్ను నూకిన. కడాయి మెత్తవడ్డది నీ తప్పు గాదు, మంట పెంచింది నేనే. తప్పైంది" అన్నాడు. గొంతు సగం లోపలే ఉండిపోయింది.

ఖాలా తల పక్కకు వంచి, "జర గట్టిగ అను అల్లుడా, మా అమ్మీకి చెప్పాలె" అంది.

నమ్ముతారో లేదో, పాపం ఆయన మళ్లీ అన్నాడు, ఈసారి వీధిలోకి వినబడేటట్టు. నవ్వొకటి వాకిట్లో ఆ చివర మొదలై ఈ చివరిదాకా వచ్చింది, ఆయన కూడా దాంట్లో కలిశాడు. మా ఆడబిడ్డ తలెత్తకుండా, "గీ కుప్ప ఒడవనియ్యి, పోదాం" అంది. ఖాలా ఆయన ముందుకు ఒక చాట జరిపింది. గోనెసంచి మీద కూర్చొని ఆయన ఏరుతుంటే చూడాలి. పసుపు పండించే చేయి, మాకంటే రెండింతలు జోరు. మధ్యాహ్నానికల్లా కుప్ప అయిపోయింది. మా అత్త ఆ రోజు వడ్డించేటప్పుడు నా పళ్లెంలో నెయ్యి రెండుసార్లు వేసింది.

మర్నాడు నిమ్మకాయలు ఇవ్వడానికి ఖాలా ఇంటికి పోతే, ఆమె అమ్మీ మంచం పక్కన కూర్చొని సినిమా చెబుతోంది. నాకు వాళ్ల మాట కొంచెం తెలుసు. సినిమా ఆఖరికి వచ్చింది. హీరో కారు దిగాడు, మామగారిని దాటాడు, అమ్మను దాటాడు, భార్య ముందు నిలబడి ఇరవై మంది వినేటట్టు తప్పైందన్నాడు. ముసలామె బోసినోటితో "అచ్ఛా పిక్చర్" అని తలాడించింది. బయటికొచ్చాక అడిగాను, "సిన్మాల గట్ల లేదు కదా ఖాలా?" అని. "మీ వాకిట్ల ఉండె కదా" అంది. ఆ రోజు వాకిట్లో ఆమె ఆ ప్రశ్న అమ్మీ కోసమే అడిగిందా, మా పిల్ల కోసం అడిగిందా అని చాలాసార్లు అడగబోయి ఊరుకున్నాను. ఇప్పుడు అడుగుదామంటే ఖాలా లేదు.

ఇదంతా విని మా మనుమరాలు తన పాటను మళ్లీ పెట్టుకుంది. కాసేపటికి, "నానమ్మా, గీడు పిల్లతోని ఒక్క మాట అన్లే. పాటంత దోస్తులతోనే పాడిండు" అని నవ్వి, రాసుకోవడం మొదలుపెట్టింది. కమ్మర్‌పల్లికి ఫోను చేసి మా ఆడబిడ్డకు చెబితే, వెనక నుంచి ఆమె పెనిమిటి, ఇప్పుడు ముసలాయన, గొంతు, "ఏందట?" అని. "నీతోని కాదు, నాతోని అంటుంది" అని ఆమె.

ఆ టాకీసు ఇప్పుడు ఫంక్షన్ హాలు అయింది. ఆ పాట నాకు మాటలన్నీ వచ్చు, విని గుర్తుపట్టేవాళ్లు మాత్రం ఒక్కొక్కరే తగ్గిపోతున్నారు. కాలం ఎంత మోసుకుపోయినా, మంచం మీది ముసలామె అడిగిన ఒక చిన్న ప్రశ్న మాత్రం మూడు తరాలు దాటి మా పిల్ల కాగితం మీదికి వచ్చి కూర్చుంది. ఇంతసేపు కూర్చొని విన్నారు, మీ ఇల్లు చల్లగా ఉండాలి. మీ ఇంట్లో ఏ మాట ఎవరికి చేరాలో వాళ్లకే చేరాలి, మీ గడప ముందు ముగ్గును అందరూ దాటే నడవాలి.