తాతకు నచ్చిన గొర్రెల ట్రాలీ

గొర్రెకు నలతగా ఉంటే మా తాత కుళ్లాయప్ప రాత్రంతా మేలుకుంటాడు. నాకు జ్వరం వస్తే మాత్రం "రోంత గంజి తాగి పండుకో మే సరళా, అదే పోతాది" అంటాడు. దానికి నేనేమీ బాధపడను. నా కంటే గొర్రెలే చెప్పిన మాట వింటాయని ఊళ్లో అందరూ అంటారు. కానీ ట్రాలీ కొనేటప్పుడు ఆయన నన్ను పెట్టిన తిప్పలు మాత్రం ఎవరికైనా చెప్పుకోవాలి.

మా కళ్యాణదుర్గం వైపు ఈ ఏడు వాన మొహం చాటేసింది. గుట్ట మీద గడ్డి గొర్రె మూతికి కూడా అందడం లేదు. విడపనకల్లు దగ్గర కాలవ కింద మాత్రం జొన్న కోసిన చేలల్లో మేత ఉంది. ఏటా తాత మందను అక్కడికి నడిపించుకుపోయేవాడు. ఈసారి సగం గొర్రెలు సూడితో ఉన్నాయి, నేడో రేపో ఈనేలా ఉన్నాయి. కడుపుతో ఉన్నవి లారీలు తిరిగే రోడ్డు మీద అంత దూరం నడవలేవు. పోయిన ఏడు బాడుగ బండిలో తీసుకుపోతే నున్నటి రేకు మీద జారి పడి రెండు గొర్రెలకు కడుపు పోయింది. ఆ రోజు తాత సంగటి ముద్ద ముట్టలేదు. అందుకే ఈసారి మా ట్రాక్టరుకు తగిలించుకునే సొంత ట్రాలీ ఉండాలని పట్టుబట్టాడు.

తొమ్మిదో తరగతితో బడి మానేసిన నాకు గట్టిగా వచ్చిన విద్య ట్రాక్టరు నడపడం. కాబట్టి ఆయన్ను వెంటేసుకుని హనుమంతరాయుడి వెల్డింగ్ షెడ్డుకు వెళ్లడం నా వంతయింది.

షెడ్డులో మొదటి ట్రాలీ మా ట్రాక్టరుకు తగిలించగానే తాత కండువా నా మీద పడేసి లోపలికి ఎక్కాడు. ఎక్కి, రెండు చేతులూ రెండు మోకాళ్లూ ఆనించి గొర్రెలా నిలబడ్డాడు.

"తోలు మే" అన్నాడు.

"తాతా, కమ్మీ పట్టుకో."

"గొర్రెకు చేతులుండాయా పట్టుకునేదానికి? తోలు!"

తోలాను. గతుకు వచ్చింది, బ్రేకు వేశాను. వెనకనుంచి జర్రుమని చప్పుడు. తాత ట్రాలీ వెనక కొస నుంచి ముందు దాకా జారి, తలపాగాతో ముందు రేకుకు గుద్దుకున్నాడు.

"ఇది వద్దు" అన్నాడు లేవకుండానే.

రెండోదానికి నాలుగు వైపులా నిండు రేకు. మిట్టమధ్యాహ్నం తలుపు వేయించుకుని లోపల కూర్చున్నాడు. చెమటతో తడిసి ముద్దయి బయటికొచ్చి, "ఇది పెనమప్పా, ట్రాలీ గాదు" అన్నాడు. మూడోదానికి నేలకూ వెనక తలుపుకూ మధ్య సందుంది. అందులో గొర్రె కాలు పడుతుందో లేదో చూడాలని తన కాలు పెట్టాడు. పడింది. రాలేదు. హనుమంతరాయుడు గ్యాసు కట్టరు తెచ్చాడు.

"నా కాలు జాగ్రత్తప్పా!"

"నీ కాలికేమీ గాదులే. నా ట్రాలీ పోతాంది పెద్దాయనా! కొనేదానికొచ్చినావా, నా షెడ్డు మూయించేదానికొచ్చినావా?"

"గొర్రె కాలైతే ఇరిగిపోయుండు. నాది గనక మిగిలింది. నాకు మొక్కుకో."

ఇలా వారం పైగా తిరిగాం. షెడ్డుకు పోయిన ప్రతిసారీ హనుమంతరాయుడి మొహం ముడుచుకుపోయేది. ఇంటికి రాగానే తాత గొర్రెల పొట్టలు తడిమి, దినాలు దగ్గర పడుతున్నాయని నా మీద కసురుకునేవాడు. వద్దు వద్దన్నది ఆయన, తిట్లు తిన్నది నేను. నల్లమూతి గొర్రెకు పొదుగు దిగి ఈనే గుర్తు కనిపించిన రోజున ఇక నాకూ భయమేసింది.

చివరికి హనుమంతరాయుడు విసిగిపోయి, "నువ్వే చెప్పు పెద్దాయనా, అట్లే చేస్తా" అన్నాడు. తాత పక్కన కూర్చుని చేయించాడు. గరుకు రేకు నేల, దాని మీద పాత టైర్ల రబ్బరు. నడుము దాకా రేకు, ఆపైన గాలికి కమ్మీలు. వెనక తలుపు దించితే ఏటవాలు మెట్టులా పరుచుకుంటుంది. గొర్రెలు ఎగిరి దూకకుండా పైన ఇనుప జాలీ. అందులో మోకాళ్ల మీద నిలబడి ఊరంతా తిరిగాడు. జారలేదు, గుద్దుకోలేదు. పళ్లు లేని నోటితో నవ్వాడు. నేను హనుమంతరాయుడి వైపు చూశాను. అతను దేవుడి పటం వైపు చూస్తున్నాడు.

బయల్దేరే పొద్దున మందను ట్రాలీ దగ్గరికి తెచ్చాం. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. అందరూ గొర్రెలను వెనకనుంచి అదిలిస్తారు. మా తాత అలా చేయడు. తాను ముందు నడుస్తూ పిలుస్తాడు, మంద వెనకే వస్తుంది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఆయన నడక అదే. ఇప్పుడూ గొంగడి భుజాన వేసుకుని, చేతికర్ర పట్టుకుని, "బా బా బా" అంటూ మెట్టెక్కి లోపలికి పోయాడు. గొర్రెలన్నీ తోసుకోకుండా ఆయన వెంట ఎక్కేశాయి. నేను తలుపు వేసి గొళ్లెం బిగించాను.

"తాతా, యాడుండావు?"

"ఈడే." ట్రాలీ ముందు కొసన, కమ్మీల వెనక నుంచి ఆయన మొహం కనిపించింది. "నేనెట్ల రావల్ల మే?"

పైన జాలీ. చుట్టూ కమ్మీలు. వెనక గొర్రెలు. తలుపు తీస్తే ఒకటి దిగుతుంది, దాని వెంట అన్నీ దిగుతాయి. గొర్రెకు కావలసినవన్నీ అడిగి చేయించుకున్న మనిషి, మనిషి దిగడానికి దారి అడగలేదు.

"తీస్తా, అన్నీ దిగితాయిలే. మళ్లీ ఎక్కిద్దామా?" అన్నాను.

సూడి గొర్రెల వైపు ఒకసారి చూశాడు. "వద్దు. నిదానంగా తోలు" అన్నాడు.

ఊరు దాటగానే టీ అంగడి లక్ష్మక్క కమ్మీల్లోంచి చూసి పరుగెత్తుకొచ్చింది.

"ఏం మే సరళా, మీ తాతను యాడికి అమ్మకానికి తోలకపోతాండావు?"

"విడపనకల్లుకు పోతాండాం అక్కా. ఈడ పళ్లు చూసి ఎవురూ కొనలేదు."

"నోరు మూసుకోని తోలు!" లోపల నుంచి తాత అరిచాడు. ఆయన అరిచిన ప్రతిసారీ మందంతా వంత పాడింది.

కాలవ గట్టున ఆపి తలుపు దించాను. గొర్రెలు ఒక్కొక్కటే దిగాయి. నేను వాటి కాళ్లు చూశాను, తాత లోపల నుంచే ప్రతిదాని పొట్టా తడిమి వదిలాడు. నల్లమూతి గొర్రె అన్నిటి కన్నా చివర, నిమ్మళంగా దిగి కోసిన జొన్న మోళ్లలో మూతి పెట్టింది. దాని వెనక తాత దిగాడు. గడ్డంలో గొర్రె బొచ్చు, నడుము వంగిపోయి, మెట్టు పక్క కమ్మీని రెండు చేతులా పట్టుకుని.

"తాతా, చేతులుండాయే!" అన్నాను.

ఆయన నల్లమూతి గొర్రె పొట్ట మరోసారి తడిమాడు. తరువాత నా ఫోనులో హనుమంతరాయుడికి కలిపించుకున్నాడు.

"ఏమప్పా, మనిషి దిగేదానికి వాకిలి పెట్టాలని నీకు తెలీదా? ఎట్లాంటి ట్రాలీ చేసిస్తివి!"

అవతల హనుమంతరాయుడు ఏమన్నాడో నాకు వినపడలేదు. వినపడకపోవడమే మంచిదైంది. తాత ఫోను నా చేతిలో పెట్టాడు.

"రేపు దీన్ని తిరిగి షెడ్డుకు తోలకపో. ముందు పక్క చిన్న వాకిలి పెట్టించు. పెట్టినాక నువ్వు లోపలికెక్కి, దాంట్లో నుంచి దిగి చూసి తీసుకరా."

"నిలబడి దిగల్లా, మోకాళ్ల మీద దిగల్లా తాతా?"

నా మీద ఎత్తడానికి చేతికర్ర కోసం చుట్టూ చూశాడు. అది ట్రాలీలోనే ఉండిపోయింది.