విల్బర్ట్ చుట్టిన నలభై చేపలు

అల్వరీన్ తన మొగుడు విల్బర్ట్‌ను ముప్పై ఎనిమిదేళ్లుగా భరిస్తోంది. అందులో ముప్పై ఏళ్లు పగటిపూట అతన్ని అల్యూమినా ప్లాంట్ భరించింది కాబట్టి ఆమె నెగ్గుకొచ్చింది. ప్లాంట్ వాళ్లు చేతికో గోడగడియారం ఇచ్చి, దండం పెట్టి ఇంటికి పంపేశాక ఆ భారం పూర్తిగా ఆమె నెత్తిన పడింది.

సెయింట్ ఎలిజబెత్ జిల్లాలో థార్న్‌టన్ మలుపు దగ్గర ఆమెది చేపల బడ్డీ. సగానికి కోసిన పీపాలో బొగ్గులు రాజేసి, చేప పొట్టలో తోటకూర, బెండకాయ, గుమ్మడి ముక్కలు కూరి, వెన్న రాసి, అల్యూమినియం ఫాయిల్ కాగితంలో చుట్టి కాలుస్తుంది. లారీ డ్రైవర్లు ఆ వాసనకే బ్రేకులు వేస్తారు. బండి దిగినవాడికి ముందు ఎదురయ్యేది మాత్రం చేప కాదు, బల్ల మీద తిష్ఠ వేసిన విల్బర్ట్.

"ఈ కాగితం ఎక్కణ్ణుంచొచ్చిందో తెలుసా నీకు?" అని మొదలుపెడతాడు.

"కొట్లోంచి" అంటాడు ఆకలితో ఉన్న డ్రైవరు.

"కొట్లోంచా! నీ చెప్పుకంటిన ఎర్రమట్టిలోంచిరా నాయనా! ఆ మట్టి తవ్వింది మేం. కాస్టిక్ సోడాలో వేసి ఉడకబెట్టింది మేం. మడ్డి అడుక్కి దిగిపోయాక, కరిగినదాన్ని తేర్చి, కాల్చి, తెల్లటి పొడి తీసింది మేం. అది ఓడెక్కి పోయింది. అక్కడెవడో దానికి కరెంటు పెట్టి లోహం చేసి, దిమ్మలు పోసి, రోలర్ల మధ్య పెట్టి ఒత్తాడు. ఒత్తగా ఒత్తగా ఎంత పల్చనైపోతుందంటే, చివర్లో ఒక్క పొర పెడితే పుటుక్కున తెగుతుంది. అందుకని రెండు పొరలు కలిపి ఒత్తుతారు. రోలర్‌కి తగిలినవైపు మెరుపు, ఒకదానికొకటి తగిలినవైపు మసక. అంతే!"

ఈ చివరి ముక్క కోసమే ఇంత పురాణమూ. మెరిసేవైపు లోపలికి ఉండాలా బయటికి ఉండాలా అన్నది ఆ ఊళ్లో చర్చి చీలిపోయేంత గొడవ. మసకవైపు విషమని పోస్టాఫీసు గ్లాడ్‌స్టన్ ఇంటింటికీ చెప్పి వస్తాడు. ఎటు చుట్టినా ఒకటేనని విల్బర్ట్ అంటాడు. ఈ ఒక్క విషయంలో విల్బర్ట్ చెప్పేది నిజం. అల్వరీన్‌కు ఒళ్లు మండేది కూడా అందుకే.

దేవుడు ఆరు రోజులు కష్టపడి విశ్రాంతి తీసుకుంటే, ఏడో రోజు విల్బర్ట్ వచ్చి ఫాయిల్ చేశాడనుకోవాలి, అలా ఉంటుంది అతని ధోరణి. "మన లోహానికేం భయం లేదు" అని అతను భరోసా ఇస్తేనే గ్లాడ్‌స్టన్ ఫాయిల్ విప్పకుండానే చేపను పోస్టాఫీసు మైక్రోవేవ్‌లో పెట్టాడు. టపటపా మెరుపులు, పొగ, పోస్టాఫీసులో ఉన్నవాళ్లందరూ రోడ్డు మీద. తప్పు మైక్రోవేవ్‌ది అన్నాడు విల్బర్ట్. తప్పెప్పుడూ ఇంకెవరిదో.

అల్వరీన్‌కు ఇరవై ఏళ్ల పొగ కళ్లలోనూ ఊపిరితిత్తుల్లోనూ పేరుకుంది. బొగ్గుల ముందు ఇంకో రెండేళ్లు నిలబడితే తర్వాత నిలబడడమే ఉండదని డాక్టరు మొహం మీదే చెప్పాడు. సరిగ్గా అప్పుడే చిన్నపిల్లల బడి క్యాంటీన్‌లో వంటావిడ మానేసింది. అక్కడ గ్యాస్ పొయ్యి, తలమీద కప్పు, మధ్యాహ్నం రెండింటికల్లా ఇల్లు. ఆ పని ఎవరికివ్వాలో తేల్చేది బడి పెద్ద టీచర్ యుఫీమియా. ఆవిడ నవ్వగా చూసినవాళ్లు ఊళ్లో లేరు.

"గుడ్ ఫ్రైడేకి చర్చి భోజనం నువ్వు చెయ్యి సిస్టర్ అల్వా. నలభై చేపలు. తిని చూసి చెప్తాను" అంది టీచర్.

ఆ పనికి సిస్టర్ మెర్డెల్ కూడా కాచుకుని కూర్చుందని అల్వరీన్‌కు తెలుసు. మెర్డెల్ కోడి వేపుడు తిన్నవాళ్లు రెండు రోజులు నీళ్లు తాగుతూనే ఉంటారు, అయినా టీచర్‌కు దూరపు చుట్టం.

గురువారం పొద్దున్నే అల్వరీన్ నలభై చేపలూ కరకరలాడేలా వేయించింది. వెనిగర్ కాచి, అందులో ఉల్లిపాయ చక్రాలు, క్యారెట్, బొద్దు మిరపకాయలు వేసి, వేడివేడిగా చేపల మీద పోసింది. ఎస్కోవిచ్ అంటే అదీ. ఓ రాత్రి నానితే పులుపు ముల్లుదాకా దిగుతుంది. పింగాణీ పూత బేసిన్లలో సర్ది, గుడ్డ కప్పి, జుట్టు సాపు చేయించుకోవడానికి టాక్సీ ఎక్కి శాంటాక్రూజ్ వెళ్లింది. సాయంత్రం తిరిగొచ్చేసరికి బేసిన్లు వంటింట్లో ఎక్కడివక్కడే ఉన్నాయి, పైన గుడ్డ కూడా అలాగే ఉంది. నిశ్చింతగా పడుకుంది.

శుక్రవారం పొద్దున్న గుడ్డ తీస్తే లోపల నలభై వెండి పొట్లాలు!

మొదటిది చేత్తో ఎత్తింది. అడుగునుంచి నల్లటి రసం మోచేతి దాకా కారింది. ఫాయిల్ నిండా సూది బెజ్జాలు, తోక దగ్గర ఏకంగా చిరుగు. విప్పితే చేప తోలు మీద బూడిదరంగు మరకలు. ఓ ముక్క నోట్లో పెట్టుకుంది. నాణెం చప్పరించినట్టుంది.

"విల్బర్ట్!"

అతను పళ్ల బ్రష్షుతోనే వచ్చాడు. "చూశావా ఎంత నీటుగా చుట్టానో? మనిషికో పొట్లం ఇచ్చేస్తే సరి."

"పుల్లటి చేపని ఫాయిల్లో కడతారటయ్యా ఎవరైనా? అదీ రాత్రంతా?"

"అది నా లోహం. దానికేం కాదు."

"దానికే అయింది! ఇటు చూడు, జల్లెడ!"

అతను పొట్లాన్ని కిటికీ వైపు ఎత్తి చూశాడు. వెలుతురు బెజ్జాల్లోంచి అతని మొహం మీద పడింది. "ఈ ఫాయిల్ చుట్ట నాసిరకంది" అన్నాడు.

"ఓహో! మరి ప్లాంట్ గేటు దగ్గర అల్యూమినియం టిఫిన్ డబ్బాలు ఎందుకు లాక్కునేవాళ్లో చెప్పు. నువ్వే చెప్పావుగా వందసార్లు, సోడా పడితే డబ్బా చిల్లులు పడుతుందని!"

"అది సోడా. ఇది వెనిగర్."

"రెండూ తినేవేనయ్యా! ఘాటైనా, పులుపైనా, ఉప్పైనా నానబెడితే తింటుంది ఆ లోహాన్ని. అందుకే కదా నేను నిమ్మకాయ కూడా పొట్లం విప్పాకే పిండేది? ఇన్నేళ్లుగా నా పక్కన కూర్చుని ఏం చూశావు నువ్వు?"

విల్బర్ట్ బ్రష్షు కడిగాడు. కడిగిందే మళ్లీ కడిగాడు. "మరకలు తుడిచి, పైన గుప్పెడు ఉల్లిపాయలు వేస్తే ఎవడికి తెలుస్తుంది? నాలుగు ముద్దలకే చచ్చిపోతారా ఏంటి?"

"చావరు. ఉమ్మేస్తారు. రేపు పసిపిల్లలకి వండిపెడతానని అడగబోయే నోటితో ఇవాళ ఇది వడ్డించనా? పో, పెరట్లో గొయ్యి తియ్యి."

అతను పార పట్టుకున్నాడు. నలభై చేపలూ ఎర్రమట్టిలోకి పోయాయి. అల్వరీన్ అప్పుడు ఏడ్చింది, చేపల కోసం కాదు, ఆ గ్యాస్ పొయ్యి కోసం.

ఆరాధన అయ్యాక చర్చి హాల్లో బల్లలు వేశారు. అల్వరీన్ కర్రపెండలం రొట్టెలు, ఈస్టర్ బన్నులు, చీజ్ ముక్కలు తెచ్చి పెట్టింది. జనం వాటికేసి, తర్వాత ఆమెకేసి చూశారు.

"చేపలేవి సిస్టర్ అల్వా?" అంది టీచర్ యుఫీమియా.

"పాడైపోయాయి టీచర్. పుల్లటి చేపల్ని రాత్రంతా ఫాయిల్లో కట్టి ఉంచడం జరిగింది."

"ఎవరు కట్టారు?"

అల్వరీన్ బెంచీల వైపు చూసింది. ప్లాంట్‌లో విల్బర్ట్‌తో పనిచేసిన ముసలాళ్లు ఆరుగురు వరసగా కూర్చున్నారు. మధ్యలో విల్బర్ట్, మెడ వంచి బూట్లు చూసుకుంటున్నాడు. అందరికీ పళ్లు సగం పోయాయి, దగ్గు మిగిలింది. వీళ్లముందు చెప్పుకోవడానికి అతనికి ఆ ఫాయిల్ కబుర్లు తప్ప ఇంకేమీ లేవు.

"నేనే" అంది.

"అయ్యయ్యో!" అని సిస్టర్ మెర్డెల్ గుండె మీద చెయ్యేసుకుంది. "ఇరవై ఏళ్లుగా చేపలు అమ్ముతూ ఇదన్నా తెలీదమ్మా?"

టీచర్ మెల్లగా కళ్లజోడు తీసింది. "అయితే క్యాంటీన్ సంగతి ఇక మాట్లాడక్కర్లేదు."

బెంచీ కిర్రుమంది. విల్బర్ట్ లేచి నిలబడ్డాడు.

"గుడ్ ఫ్రైడే పూట చర్చిలో నిలబడి అబద్ధమాడుతోంది ఈవిడ" అన్నాడు. ఎవరో కిసుక్కున నవ్వారు. "కట్టింది నేను. ఆవిడ ఇంట్లో లేనప్పుడు. పనికొస్తాననుకుని."

"బ్రదర్ విల్బర్ట్, మీరా? ఫాయిల్ సంగతి మీకు తెలియకపోవడమేంటి?" గ్లాడ్‌స్టన్ నిజంగానే ఆశ్చర్యపోయాడు.

"నాకేం తెలుసయ్యా? ముప్పై ఏళ్లు నేను చేసింది తెల్లపొడి. అది ఓడెక్కడం వరకే చూశాను. లోహమయ్యాక ఎలా ఉంటుందో, దేనికి లొంగుతుందో, అదంతా ఈవిడకి తెలుసు. ఈవిడ చెప్తే నేను వినలేదు."

ఆ ఆరుగురు ముసలాళ్లలో ఒక్కడూ నవ్వలేదు. ఒకాయన తన అరచేతులు తిరగేసి చూసుకున్నాడు.

"ఆ చేపలేం చేశారు?" అంది టీచర్.

"పాతిపెట్టాం. మరకలు తుడిచి తెచ్చేద్దామన్నాను నేను. ఒప్పుకోలేదు."

టీచర్ అల్వరీన్‌ను ఎగాదిగా చూసింది. అదే చూపుతో కళ్లజోడు మళ్లీ పెట్టుకుంది. "సెలవులయ్యాక బడి తెరిచే రోజు ఆరింటికల్లా వచ్చి తాళంచెవులు తీసుకో. ఈయన గేటు దాటి వంటింట్లోకొస్తే మాత్రం ఉద్యోగం పోతుంది. నీది కాదు, కాపలావాడిది."

మెర్డెల్ గుండె మీది చెయ్యి తీసేసి ఓ రొట్టె అందుకుంది. జనం తినడంలో పడ్డారు.

అల్వరీన్ తన పళ్లెం పట్టుకుని వెళ్లి విల్బర్ట్ పక్కన కూలబడింది.

"నిన్నెవరు లేచి మాట్లాడమన్నారు? అందరిముందూ పరువు తీసుకున్నావు" అంది గుసగుసగా.

"నువ్వెందుకు నీ నెత్తిన వేసుకున్నావు? గ్యాస్ పొయ్యి పోయేది కదే పిచ్చిమొహమా!"

ఆమె తన బన్నులో చీజ్ తీసి అతని బన్నులో పెట్టింది.

"తిను. మాట్లాడకు" అంది.